పెరటిలోని స్ప్రూస్ చెట్టు: గుర్తించుట, నాటుట, కాపాడుట

ఈ దినము ఒక సహోదరి వ్రాసిన ఉత్తరముతో మన కార్యక్రమమును ప్రారంభించుకుందాము. ఆమె అమెరికాలోని మిచిగన్ రాష్ట్రములో ఉంటున్నారు. ఆమె మాటలలోనే వినండి.

"అయ్యా, 2003లో మాకు బాబు పుట్టినప్పుడు మా మామగారు గుంటూరు జిల్లా నుండి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. ఆయన రైతు. మనవడి పేరున ఒక చెట్టు ఉండాలని ఐదడుగుల క్రిస్మస్ చెట్టు కొనుక్కొచ్చి, తానే గొయ్యి తవ్వి, పాదు చేసి నాటారు. మరుసటి సంవత్సరమే ఆయన చనిపోయారు. ఇప్పుడు ఆ చెట్టు మా రెండవ అంతస్తు కిటికీ దాటి పెరిగింది. అయితే మూడేండ్ల నుండి క్రింది కొమ్మలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతున్నాయి. మావారు కొట్టించేద్దాము అంటున్నారు. నాకు మనసు ఒప్పడము లేదు. అసలు ఇది ఏ చెట్టు? దీనిని బ్రతికించుకొనే మార్గమున్నదా?"

ప్రియులారా, ఈ ఉత్తరములో రెండు ప్రశ్నలున్నాయి గాని, నిజానికి వాటి వెనుక మూడవ ప్రశ్న కూడా ఉన్నది. మామగారి చేతి గుర్తును ఎలా నిలుపుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. మూడింటికీ క్రమముగా జవాబు చెప్పుకుందాము. ఈ సహోదరికే కాదు, చలి దేశములలో ఇల్లు కట్టుకొన్న మన తెలుగువారు అనేకులకు ఇది ఉపయోగపడును.

మొదటిది, చెట్టును గుర్తించుట. సూదులవంటి ఆకులున్న ప్రతి చెట్టునూ మనము "క్రిస్మస్ చెట్టు" అని ఒకే పేరుతో పిలుస్తాము. అయితే పైన్ వేరు, ఫర్ వేరు, స్ప్రూస్ వేరు. పేరు తెలియకుండా మందు వేయుట రోగము తెలియకుండా మాత్ర మింగుటవంటిది. గనుక చెట్టు దగ్గరకు వెళ్లి ఒక చిన్న రెమ్మను చేతిలోకి తీసుకోండి. నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి, ఆకులను లెక్కపెట్టండి. రెమ్మమీద ఒక్కొక్క చోట నుండి రెండో, మూడో, ఐదో సూదులు కట్టగా వస్తే అది పైన్. గుత్తిగా పదుల కొలది సూదులు వస్తే అది దేవదారు జాతిది గాని, లార్చ్ గాని కావచ్చును. ఒక్కొక్క సూది విడివిడిగా రెమ్మకు అంటుకొని ఉంటే అది స్ప్రూస్ గాని, ఫర్ గాని కావచ్చును.

రెండు, ఒక సూదిని తెంపి బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ దొర్లించండి. స్ప్రూస్ సూదికి నాలుగు పలకలుంటాయి గనుక అది వ్రేళ్ల మధ్య సులువుగా దొర్లును. ఫర్ సూది చదునుగా ఉండును గనుక దొర్లదు.

మూడు, సూదులు రాలిపోయిన పాత రెమ్మను తడిమి చూడండి. స్ప్రూస్ రెమ్మ గరగరలాడును. ఎందుకనగా ప్రతి సూది ఒక చిన్న మేకువంటి కాడమీద కూర్చుని ఉండును, సూది రాలినా ఆ మేకు మిగిలిపోవును. ఫర్ రెమ్మ నున్నగా ఉండి, గుండ్రని మచ్చలు మాత్రమే కనబడును.

నాలుగు, కాయలను చూడండి. స్ప్రూస్ కాయలు కొమ్మకు క్రిందికి వ్రేలాడి, కాయ కాయగానే నేలమీద పడును. ఫర్ కాయలు దీపపు వత్తులవలె పైకి నిలిచి, చెట్టుమీదనే పొలుసులు పొలుసులుగా విడిపోవును. మీ చెట్టు క్రింద నిండు కాయలు దొరికితే అది ఫర్ కాదని తెలుసుకోండి.

ఒక హెచ్చరిక. సెర్బియా స్ప్రూస్, అమెరికా పడమటి తీరపు సిట్కా స్ప్రూస్ సూదులు కొంచెము చదునుగా ఉంటాయి. గనుక ఒక్క పరీక్షతో తీర్పు చెప్పవద్దు. నాలుగూ కలిపి చూడండి.

ఇప్పుడు, స్ప్రూస్ అని తేలినది. ఏ స్ప్రూస్? ప్రపంచములో సుమారు 35 రకములున్నాయి. పెరటిలో ఎక్కువగా కనబడేవి మూడు. నార్వే స్ప్రూస్ సూదులు ముదురు ఆకుపచ్చగా ఉండును, కొమ్మలనుండి చిన్న రెమ్మలు చీర కుచ్చిళ్లవలె క్రిందికి వ్రేలాడును, కాయ నాలుగు నుండి ఆరు అంగుళాల పొడవుండును. 1947 నుండి ప్రతి సంవత్సరము ఓస్లో నగరము లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌కు కానుకగా పంపుచున్న క్రిస్మస్ చెట్టు ఈ రకమే. రెండవది వైట్ స్ప్రూస్. దాని కాయ రెండంగుళాలకు అటు ఇటుగా ఉండును, సూదులను నలిపితే ముక్కు మూసుకొనేంత వాసన వచ్చును. మూడవది బ్లూ స్ప్రూస్. దాని సూది గట్టిగా, చెయ్యి గుచ్చుకొనేటట్లు వాడిగా, నీలము కలిసిన బూడిదరంగులో ఉండును. కాయ రెండు నుండి నాలుగు అంగుళాలు, దాని పొలుసుల అంచులు కాగితమువలె పలుచగా ముడతలు పడి ఉంటాయి. ఇది కొలరాడో రాష్ట్రపు అధికారిక వృక్షము.

సహోదరీ, మీ ఉత్తరములో "సూదులు గుచ్చుకుంటాయి, పైభాగము నీలముగా మెరుస్తుంది" అని కూడా వ్రాశారు. మీ మామగారు నాటినది బ్లూ స్ప్రూస్ అని అనుకుంటున్నాను. పైన చెప్పిన నాలుగు పరీక్షలు చేసి, కాయను కూడా చూచి నిశ్చయము చేసుకోండి.

మన దేశములో స్ప్రూస్ లేదా అని మీరు అడగవచ్చును. ఉన్నది. కులు, మనాలి వెళ్లినవారు ఏడువేల నుండి పదకొండు వేల అడుగుల ఎత్తులో దానిని చూచే ఉంటారు. హిమాచల్ ప్రజలు దానిని రాయ్ అంటారు. కొమ్మలు క్రిందికి వ్రేలాడుచు ఎంతో అందముగా ఉండును. అయితే మన తెలుగు నేలమీద, హైదరాబాదులో గాని విజయవాడలో గాని స్ప్రూస్ పెరగదు. దానికి దీర్ఘమైన చలికాలపు విశ్రాంతి కావలెను, మన ఎండలు అది ఓర్చుకోలేదు. కడియము నర్సరీలలో క్రిస్మస్ చెట్టు అని అమ్మేది సాధారణముగా అరకేరియా. అది దక్షిణ పసిఫిక్ దీవుల చెట్టు, మన వాతావరణమునకు తట్టుకొనును. కోస్తాలో మన పెద్దలు డిసెంబరులో నరికి తెచ్చిన కొమ్మ సరుగుడుది. సరుగుడు చూపునకు పైన్‌వలె ఉన్నా అది పూలు పూచే జాతి. మనము దాని ఆకులనుకొనేవి నిజానికి కణుపులున్న సన్నని రెమ్మలు. గనుక ఇక్కడున్నవారు స్ప్రూస్ విత్తనములు తెప్పించుకొని డబ్బు పోగొట్టుకోవద్దు. అరకేరియాతో తృప్తి పొందండి.

మరొక సంగతి. మన తెలుగు బైబిలులో దేవదారు, సరళవృక్షము అనే మాటలు చదివి, అవి స్ప్రూస్ అని కొందరు అనుకుంటారు. లెబానోను దేవదారు సూదులు గుత్తులుగా వచ్చును, కాయలు కొమ్మమీద నిటారుగా కూర్చుండును. మీరు ఇందాక నేర్చుకొన్న మొదటి, నాలుగవ పరీక్షలతోనే అది స్ప్రూస్ కాదని చెప్పగలరు. లెబానోను కొండలలో స్ప్రూస్ సహజముగా పెరగదు.

రెండవది, నాటుట. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఊరకే అనలేదు. స్ప్రూస్ విషయములో వంచవలసినది మొక్కను కాదు, మన తొందరను. దుకాణములో ఐదడుగుల చెట్టును చూచినప్పుడు అది ముప్పై ఏండ్ల తరువాత ఎంతగా ఉండునో మనకు తట్టదు. బ్లూ స్ప్రూస్ పెరటిలో యాభై అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల వెడల్పు దాక పెరగగలదు. నార్వే స్ప్రూస్ ఇంకా వెడల్పుగా విస్తరించును. గనుక ఇంటి గోడకు, ప్రహరీకి, కరెంటు తీగలకు కనీసము ఇరవై అడుగుల దూరములో నాటండి. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగులు చోటు, గాలి ఆడు చోటు, నీరు నిలువని నేల ఎంచుకోండి.

ఇక గొయ్యి. మన రైతులు మామిడికి మూడడుగుల లోతు గొయ్యి తవ్వి, ఎరువు నింపి, చుట్టూ పాదు కట్టి నీరు నిలుపుతారు. మన ఎర్రనేలకు, మన ఎండకు అది సరియైన పద్ధతి. అయితే స్ప్రూస్ వేళ్లు లోతుకు దిగవు, పైపైన చాప పరచినట్లు పరుచుకుంటాయి. గనుక గొయ్యి వేరుముద్ద ఎంత లోతున్నదో అంతే లోతు ఉండవలెను, వెడల్పు మాత్రము రెండు మూడింతలు ఉండవలెను. కాండము అడుగున వేళ్లు విచ్చుకొను భాగము నేలమట్టమునకు పైన కనబడవలెను. దానిని మట్టిలో పూడ్చితే చెట్టుకు మెల్లగా ఊపిరాడదు. వేరుముద్దకు చుట్టిన త్రాళ్లు, తీగవల, గోనెపట్టా విప్పి తీసివేయండి. తవ్విన మట్టినే తిరిగి నింపండి. పైన రెండు మూడంగుళాల మందమున చెక్కపొట్టు పరచండి గాని, కాండమునకు ఆనించవద్దు. మొదటి రెండు మూడు వేసవులలో వారమునకు ఒకసారి వేళ్లదాక తడిసేటట్లు నీళ్లు పోయండి. నేల గడ్డకట్టుటకు ముందు శరదృతువులో కూడా ఒకసారి బాగా తడపండి. ఏలయనగా చలికాలములో కూడా ఆకులనుండి తేమ పోవుచునే ఉండును, గడ్డకట్టిన నేలనుండి వేరు నీటిని తీసుకోలేదు.

కొందరు కుండీలో ప్రాణముతో ఉన్న స్ప్రూస్ కొని, పండుగ అయ్యాక నాటుదామనుకుంటారు. మంచి ఆలోచనే. అయితే దానిని వెచ్చని ఇంటిలో వారము, పది దినములకు మించి ఉంచవద్దు. అంతకంటె ఎక్కువ ఉంచితే వసంతము వచ్చినదనుకొని చిగురు కదులును, అప్పుడు బయట చలిలో పెడితే చచ్చిపోవును. గొయ్యిని నవంబరులోనే, నేల గడ్డకట్టకముందే తవ్వి, ఆ మట్టిని గడ్డకట్టని చోట దాచుకోండి.

తన చోటు కాని చోట నాటిన చెట్టు ఎంత కష్టపడునో ఐరోపా ఖండము మనకు చూపించుచున్నది. జర్మనీలో, చెక్ దేశములో కలప కొరకు పల్లపు ప్రాంతములలో కూడా నార్వే స్ప్రూస్‌ను ఒకే జాతిగా విస్తారముగా నాటారు. 2018లో మొదలైన కరువు, వేడి సంవత్సరములలో చెట్లు నీరసించినవి. నీరసించిన చెట్టు తనను తొలుచు పురుగును జిగురుతో ముంచి తరిమివేయలేదు. బెరడు తొలిచే చిన్న పురుగులు కొండలకు కొండలనే ఎండబెట్టినవి. అదే జాతి తన స్వస్థలమైన స్వీడన్‌లో, ఫులుఫ్యెలెట్ పర్వతముమీద, సుమారు 9,500 సంవత్సరముల వయస్సు గల వేరుమీద నేటికీ నిలిచి ఉన్నది. దానిని ఓల్డ్ షిక్కో అంటారు. పై కాండము పలుమార్లు చచ్చినా, వేరు మళ్లీ కొత్త కాండమును లేపినది. చెట్టు ఒకే జాతిది. తేడా చోటులో ఉన్నది.

మూడవది, కాపాడుట. సహోదరీ, ఇప్పుడు మీ చెట్టు దగ్గరకు వద్దాము. బ్లూ స్ప్రూస్ రాకీ పర్వతముల చెట్టు. అక్కడి గాలి పొడి గాలి. మిచిగన్‌వంటి తేమ ప్రాంతములో దానికి ఇరవై ఏండ్లు దాటేసరికి జబ్బులు మొదలగుట ఎంతో మామూలు. ఇది మీ మామగారి తప్పు కాదు, మీ తప్పు కూడా కాదు. ఆ రోజులలో ప్రతి దుకాణమూ ఈ చెట్టునే అమ్మినది.

క్రింది కొమ్మలు ఎండుటకు ముఖ్యముగా మూడు కారణములుంటాయి. ఒక భూతద్దము తీసుకొని చూడండి. లోపలి వైపున ఉన్న పాత సూదులు ఊదా కలిసిన గోధుమరంగుకు తిరిగి రాలుచు, కొమ్మ కొనన క్రొత్త సూదులు మాత్రము పచ్చగా ఉంటే, ఆ ఎండిన సూదులమీద వరుసగా నల్లని చుక్కలు కనబడితే, అది రైజోస్ఫియరా అనే బూజు తెగులు. అలాగాక కొమ్మ మొత్తము ఒకేసారి చచ్చి, దానిమీద తెల్లని జిగురు కారి గడ్డకట్టి ఉంటే, అది సైటోస్పోరా అనే బెరడు తెగులు. ఈ రెండూ కాక సూదులమీద సన్నని పసుపు చుక్కలు పడి వెలవెలబోతుంటే, కొమ్మ క్రింద తెల్లకాగితము పట్టి కొమ్మను తట్టండి. కాగితముమీద నలుసులు నడుచుచుంటే అవి స్ప్రూస్ నల్లులు. ఇవి ఎండాకాలములో కాక, చల్లని వసంతములో, శరదృతువులో ఎక్కువగా తినును.

బూజు తెగులైతే క్లోరోథాలోనిల్ గాని, రాగి కలిసిన మందు గాని పనిచేయును. వసంతములో క్రొత్త చిగురు సగము పొడవైనప్పుడు ఒకసారి, మూడు నాలుగు వారముల తరువాత మరొకసారి పిచికారీ చేయించవలెను. కనీసము రెండేండ్లు వరుసగా చేయించవలెను. ఈ మందు క్రొత్త సూదులను కాపాడును గాని రాలిపోయిన సూదులను తిరిగి తేలేదు. పొడవైన చెట్టుకు మీరే నిచ్చెన ఎక్కి కొట్టవద్దు, లైసెన్సు ఉన్నవారిని పిలవండి. బెరడు తెగులుకు మందు లేదు. పొడి వాతావరణములో ఎండిన కొమ్మలను కాండము దగ్గరకు కోయించి, వేసవిలో వేరుకు నీళ్లు పోయుటయే మార్గము. నల్లులైతే నీటి గొట్టముతో గట్టిగా కొట్టి కడిగితే తగ్గిపోవును. ఏ జబ్బు అయినా పచ్చికకు నీళ్లు చల్లే స్ప్రింక్లరు చెట్టు కొమ్మలను తడపకుండా త్రిప్పివేయండి. నిశ్చయముగా తెలుసుకొనుటకు ఒక కొమ్మను కోసి మీ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ కార్యాలయమునకు పంపండి. వారు పరీక్షించి చెప్తారు.

పైభాగము కోస్తే క్రింద చిగురించునా అని కొందరు అడుగుతారు. చిగురించదు. స్ప్రూస్ ఎండిన పాత కొమ్మ మీద తిరిగి మొలక వేయదు. తలను కోస్తే రూపము చెడును, బలహీనపడును. గనుక ఆ పని ఎన్నడూ చేయవద్దు.

ఇక మీ మనస్సులోని అసలు ప్రశ్న. చెట్టులో మూడింట రెండు వంతులు పచ్చగా ఉంటే, వైద్యము చేయించండి, మీవారిని మరి రెండేండ్లు ఆగమనండి. సగము పైగా ఎండిపోయి ఉంటే, మీవారి మాట సబబే. ఇంటికి దగ్గరగా ఉన్న చచ్చిన చెట్టు గాలివానకు ఇంటిమీద పడగలదు. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లగును.

అయితే కొట్టించకముందు ఒక పని చేయండి. శరదృతువులో కాయలు గోధుమరంగుకు తిరుగునప్పుడు, పొలుసులు విచ్చుకొనకముందే కొన్ని కోయండి. కాగితపు సంచిలో వేసి వెచ్చని గదిలో ఉంచండి. కొద్ది దినములలో కాయలు విచ్చుకొని, రెక్కలున్న చిన్న విత్తనములు సంచి అడుగున పడును. వాటిని ఒక దినము నీటిలో నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారములు ఉంచండి. చలికాలము గడిచినదని విత్తనము అనుకొనును. వసంతములో పావు అంగుళము లోతున చిన్న కుండీలలో నాటి, కొంచెము నీడలో ఉంచండి. ఎక్కువ నీళ్లు పోస్తే మొలక మొదలు కుళ్లిపోవును. మొదటి ఏడు అది ఒకటి రెండు అంగుళములు మాత్రమే పెరుగును. నిరుత్సాహపడవద్దు. పాత చెట్టు క్రింద మాత్రము ఉంచవద్దు, దాని బూజు మొలకల మీద రాలును. పిల్లలన్నీ తల్లివలె నీలముగా రావు, కొన్ని పచ్చగా వచ్చును. నాలుగైదు ఏండ్లకు అవి నేలలో నాటుటకు సిద్ధమగును.

సహోదరీ, మీ మామగారు నాటినప్పుడు మీ బాబు ఉయ్యాలలో ఉన్నాడు. నేడు అతడు గొయ్యి తవ్వగల యువకుడు. ఆ విత్తనములను అతని చేతికే ఇవ్వండి. ఈసారి గోడకు ఇరవై అడుగుల దూరము కొలిచి, లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా గొయ్యి తవ్వమని చెప్పండి. తాతగారు పాదు ఎలా చేశారో, ఎందుకలా చేశారో కూడా చెప్పండి. చెట్టు పోయినా ఆ మాట, ఆ విత్తనము మీ ఇంటిలో నిలిచి ఉండును.

ప్రియులారా, మీ పెరటిలో ఉన్న చెట్టు ఏదో మీకు తెలుసా? ఈ సాయంకాలము ఒక్క రెమ్మను తుంచి, వ్రేళ్ల మధ్య దొర్లించి చూడండి. మీ ప్రశ్నలను మాకు వ్రాయండి. తిరిగి వచ్చే కార్యక్రమములో కలుసుకుందాము.